కౌంటు

కావలి ట్రంకురోడ్డులో
మెడికల్ షాపు పైగది నా ఆఫీసు.
ఆఫీసంటే ఒక ఫ్యాను, రెండు ఇన్వర్టర్ బ్యాటరీలు,
మెట్లెక్కి వచ్చే టింక్చర్ వాసన.

ప్రొఫైల్లో మాత్రం
ఇండిపెండెంట్ కన్సల్టెంట్ అని రాసుకున్నా.
కింద షాపు జిలానీ అడిగితే
కూలికి కోడు రాస్తానని చెప్పా.
"రోజు కూలా, గుత్తా?"
గుత్తే.
"గుత్తయితే ముందు బయానా తీసుకోవాల గదా!"
రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నా,
ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఇన్వాయిస్ నంబరు పదిహేడు.
పంపి తొంభైనాలుగు రోజులు.
బెంగుళూరు బాబు ఫోనెత్తడు.
నీలం టిక్కులు రెండూ వెలుగుతాయి,
తలుపు తియ్యకుండా
కిటికీ సందులోంచి చూసే కళ్ళలాగా.

నిన్న ఆ బాబే పోస్టు పెట్టాడు:
"మనుషులే మా పెట్టుబడి."
ఫోటోలో కేకు, పాతికమంది,
వెనక తెర మీద నేను రాసిన డాష్‌బోర్డు.
లైక్ కొట్టా.
కొట్టకపోతే ఏమనుకుంటాడోనని.
కొట్టాక కాసేపు
నా బొటనవేలిని చూస్తూ కూర్చున్నా.

వారానికి మూడు రాయమన్నారెవరో, రాశా.
మంగళవారం నేర్చుకున్న పాఠం,
గురువారం ఓటమి నుంచి గెలుపు.
ఓటమి నాదే,
గెలుపే అరువు తెచ్చా.
పుట్టినరోజుకి నూటపది శుభాకాంక్షలు,
అన్నీ ఒకే అచ్చు,
మిషను అందించిన మాటని అట్నే పంపించిన వేళ్ళు.
"ఏదైనా పనుంటే చెప్పండి" అని
నలభైమందికి రాస్తే
ముప్పైతొమ్మిది మంది బొటనవేలు చూపించారు.
నలభయ్యో ఆయన
నన్నే పనడిగాడు.

పెంచలయ్యని పంపింది జిలానీ.
బీపీ మాత్రలకని వచ్చి
మోకాళ్ళు పట్టుకోని మెట్లెక్కాడు.
తుమ్మలపెంట దోవలో నాలుగు రొయ్యల గుంటలు.
"రేత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి పాపా,
కాపలావోడు నిద్దరపోతాడు,
తెల్లారేసరికి సరుకంతా తేలతది.
నా ఫోను మోగేటట్టు చెయ్యగలవా?"

మాట్లాడతానే నా స్క్రీను చూశాడు.
"ఆ రెండువేల మూడొందలేంది?"
నాకు తెలిసినవాళ్ళు.
"కౌంటా?"
అని పగలబడి నవ్వాడు.
"మా కాడ కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది.
కేజీకి ముప్పై తూగితే రేటు.
వంద దాటితే ఏజెంటు మొహం తిప్పుకుంటాడు.
రెండువేల మూడొందలంటే
ఇంకా సీడే పాపా,
గుంటలో పోసినా సగం బతకవు."

బెంగుళూరు ఒప్పందం పదకొండు పేజీలు,
చదవకుండా సంతకం పెట్టా.
పెంచలయ్యది మేత బిల్లు వెనక రెండు లైన్లు:
మోగాల.
మోగకపోతే దుడ్లు వాపసు.
సగం దుడ్లు అప్పుడే టేబుల్ మీద పెట్టి
పేపర్‌వెయిట్ లేక
నా మౌసు ఎత్తి దాని మీద పెట్టాడు.

మూడురోజులు గట్ల మీద తిరిగా.
పీవీసీ పెట్టె, సెన్సరు, ఒక సిమ్ము,
కాళ్ళకి వాళ్ళావిడ గమ్‌బూట్లు, రెండు సైజులు పెద్దవి.
ఆ చుట్టుపక్కల నెట్‌వర్కు దొరికేది
మోటారు షెడ్డు రేకుల మీద, ఉత్తరం మూల, అంతే.
రేకులు కాలుతుండగా
ఫోను ఆకాశానికెత్తి నిలబడితే
కింద నుంచి కాపలావోడు అరుస్తున్నాడు,
"అక్కా, ఇంకొంచెం పక్కకి! ఆడ! ఆడే!"

రాత్రి రెండూ నలభైకి ఫోను మోగింది.
బెంగుళూరేమో అనుకున్నా,
సిగ్గులేని ప్రాణం.
మూడో గుంట.
పెంచలయ్యకి చేశా.
"లేచినా పాపా, జనరేటర్ కాడుండా.
నువ్వు పడుకో."
ఆయన వెనక ఏరియేటర్లు
నీళ్ళని చరుస్తున్న చప్పుడు.

నిద్ర పట్టలేదు.
దీని మీదో పోస్టు రాద్దామని మొదలుపెట్టి
మూడో లైనుకే అది గురువారం గొంతయిపోతే
చెరిపేశా.
పదిహేడో ఇన్వాయిస్ తెరిచా.
ఆరో రిమైండరు.
దయచేసి అన్న మాట తీసేశా.
మళ్ళీ పెట్టా.
మళ్ళీ తీసేశా.
కింద జిలానీ
షట్టరు లేపుతున్నాడు.